ముందుకబురు

భోపాల్‌పట్నం బస్టాండు వెనక సుమిత్ర నడిపే చాయిస్ సెంటర్‌లో ఆ శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆధార్ పనికీ పింఛను వేలిముద్రకూ వచ్చిన జనం అరుగు మీద కూలబడి కరెంటును నోరారా తిడుతున్నారు. సుమిత్ర అట్టముక్కతో విసురుకుంటూ ఫోను చూస్తోంది. వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో అప్పుడు వచ్చింది.

చేతిబోరింగుకు ఒక మనిషిని కట్టేసి ఉంచారు. ఏభై దాటినవాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అతని సామాను కాళ్ళ ముందు గుమ్మరించారు. ఒక గోనెసంచి, లావుపాటి తాడు, జాలీ గుడ్డ కుట్టిన వెదురు టోపీ. ఫొటో కింద రెండు ముక్కలు: "మొసలివాగుల పిల్లల దొంగ దొరికిండు. జల్ది రాండ్రి."

సుమిత్రకు మొదట కలిగింది సంతోషమే. దాచడమెందుకు, హమ్మయ్య అనుకుంది. వారం రోజులుగా ఎనిమిదేళ్ళ కూతురు దీపను బడికి తప్ప గడప దాటనివ్వడం లేదు. సంచి భుజాన వేసుకుని, ముఖానికి జాలీ కట్టుకుని, పిల్లలకు తీపి పెట్టి ఎత్తుకుపోయే ముఠా ఒకటి సరిహద్దు దాటి వచ్చిందని ఫోనుల్లో ఒకటే మోత. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఏ ఊరి పిల్ల పోయింది అంటే ఒక్కడూ చెప్పడు. అయినా ఆ మెసేజి రాగానే సుమిత్ర వెనకాముందూ చూడకుండా తనకున్న గ్రూపులన్నిటికీ పంపింది. కన్నవాళ్ళకు భయం ముందు పుడుతుంది, బుద్ధి తర్వాత పుడుతుంది.

ఫొటోను మళ్ళీ చూసింది. టోపీ దగ్గర వేళ్ళతో పెద్దది చేసింది. జాలీ అంచు పొడుగునా చిన్నచిన్న మూటలు కుట్టి ఉన్నాయి. ఒక మూట చిరిగి అందులోంచి చింతగింజలు కనిపిస్తున్నాయి.

ఆమె చేతిలోంచి అట్టముక్క జారిపోయింది. జాలీ గాలికి లేవకుండా, తేనెటీగ లోపలికి దూరకుండా, అంచుకు చింతగింజలు మూటలు కట్టి కుట్టుకోవాలని చెప్పిన మనిషి ఆమె ఎరుకలో ఒక్కడే ఉన్నాడు. అతని పేరు పెద్దపట్టు.

అదేం పేరు అంటారా, చెప్తాను. పదేళ్ళ కిందట సుమిత్రా, జగదల్‌పూర్‌లో చదువుకునే ఆమె తమ్ముడూ కలిసి ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక పెట్టారు. దానికి వాగుగట్టు అని పేరు. ఇంద్రావతి ఒడ్డు నుంచి కిష్టారం దాకా తెలుగు చదవగలిగినవాళ్ళు అందులో చేరారు. వరి తెగులు, పాముకాటు, తునికాకు, కోళ్ళ జబ్బు, ఏదైనా అడగొచ్చు. ఒకరు అడిగితే దాని కిందే పదిమంది బదులు చెప్పేవారు. తిట్టుకునేవాళ్ళు, దెప్పుకునేవాళ్ళు, పదిరోజులాగి వచ్చి "నువ్వన్నదే నిజమైంది బావా" అని ఒప్పుకునేవాళ్ళు, అంతా అక్కడే. అసలు పేరు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఈ దిక్కున పేరూ ఊరూ బయటపెట్టుకోవడమంటే, ఏ పుట్టలో ఏ పాముందో తెలియకుండా చెయ్యి పెట్టడమే. నీ పేరు ఎవరి చెవిన పడుతుందో, రేపు ఎవరు వచ్చి ఎవరి గురించి అడుగుతారో. అందుకని ఒకడు ఎర్రచీమ, ఒకామె గోంగూర, వేదికను చూసుకునే సుమిత్ర గట్టక్క. తేనెపట్టును కాల్చకుండా, ఈగను చంపకుండా, వెదురుచెక్కతో తేనె కోయడం నేర్పే పెద్దమనిషి పెద్దపట్టు.

ఆ వేదికలో ముందుకబురు అని ఒక గది ఉండేది. ఇక్కడి ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. తెలియని ఊరికి తోచినట్టు పోకూడదు. సంతలో ఆ ఊరివాళ్ళు కనిపిస్తే ఫలానా రోజు, ఫలానా పనికి వస్తున్నానని ముందు కబురు పెట్టాలి. వాళ్ళ నుంచి తిరుగు కబురు వస్తేనే బయల్దేరాలి. వెళ్ళి పొలిమేర దగ్గర కూర్చోవాలి. ఊరివాళ్ళు వచ్చి తోలుకుపోతేనే లోపల అడుగుపెట్టాలి. చెడ్డరోజుల్లో ఈ పద్ధతి ఎంతమందిని కాపాడిందో. వాగుగట్టు దాన్ని ఫోనులోకి తెచ్చింది, అంతే. అక్కడ కబురు పెట్టి, బదులు చూసుకుని, జనం ఊళ్ళు తిరిగేవారు.

తర్వాత వాట్సాప్ వచ్చింది. వరదలో కట్టెల్లాగా అందరూ అటే కొట్టుకుపోయారు. పొద్దున లేస్తే పువ్వుల బొమ్మలు, రాత్రయితే వీడియోలు. వాగుగట్టులో అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. చివరికి సుమిత్రే అందరి నంబర్లూ అడిగి, వాగుగట్టు కొత్తది అని ఒక గ్రూపు పెట్టింది. పాతదాన్ని మూసేయడానికి మాత్రం చేతులు రాలేదు. పాముకాటు సంగతులూ తేనె సంగతులూ పోతాయే అని అలాగే ఉంచేసింది. ఎవరైనా అక్కడ రాస్తే ఒక తయారు జవాబు దానంతటదే పడేట్టు పెట్టింది: "మీ మాట అందింది. గట్టక్క." దాని కింద గ్రూపు సంగతి కూడా చెప్పాలనుకుంది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ మరిచేపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు అటు తొంగిచూడలేదు. పెద్దపట్టు గ్రూపులో చేరలేదని కూడా ఆమె గమనించలేదు. చేరినవాళ్ళను లెక్కపెట్టుకుంటాం గానీ, రానివాడిని ఎవడు తలుచుకుంటాడు?

ఇప్పుడు పాత వాగుగట్టు తెరిచింది. ముందుకబురు గదిలో అన్నిటికన్నా పైన ఉంది.

"ఈ శనివారం మొసలివాగు వస్తున్న. వాగు ఎగువన మద్దిచెట్టుకు మంచి పట్లున్నయని ఎర్రచీమ ఎప్పుడో చెప్పిండు. కాల్చకుండ తీసుడు నేర్పిస్త. పొలిమేర కాడ కూసుంట, తోలుకపోనీకి ఎవలన్న రాండ్రి. పెద్దపట్టు."

దాని కింద: "మీ మాట అందింది. గట్టక్క."

పాపం, ఆ మనిషి పద్ధతి తప్పలేదు. కబురు పెట్టాడు, బదులు చూసుకున్నాడు, బయల్దేరాడు. రమ్మన్నది తన పేరే. అలాంటి వేషంతో ఎవడైనా వస్తే వాడు దొంగేనని చాటింపు వేసిందీ తనే.

గ్రూపులోకి వెళ్ళి గబగబా రాసింది. అతను దొంగ కాదు, తేనె తీసే మనిషి, నాకు తెలుసు, కొట్టొద్దు. పాతచోట అయితే ఆ మాట ఫొటో కిందే మేకు కొట్టినట్టు ఉండేది, వచ్చిన ప్రతివాడూ చదివేవాడు. ఇక్కడ ఆమె చూస్తుండగానే పైకి ఎగబాకిపోయింది. దాని కింద "చంపుండ్రి" అని ఒకడు, "వీడియో పెట్టు" అని ఒకడు, "పోలీసోళ్ళకియ్యకుండ్రి, ఇడిశిపెడ్తరు" అని ఒకడు, దండాల బొమ్మలు, కోపం బొమ్మలు. మళ్ళీ రాసింది. మళ్ళీ అదే. ఫొటో పెట్టిన కుర్రవాడు మొసలివాగు ఊరి వినోద్. అతనికి ఫోను చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. ఠాణాకు చేస్తే గాడీ పంపిస్తామన్నారు, దారి తెలుసు కదా, టైం పడుతుందన్నారు.

ఆ గాడీ వచ్చేలోపు మనిషి ఉండడని సుమిత్రకు తెలుసు. సెంటర్‌కు తాళం వేసి, పక్క కిరాణా కొట్టు దుర్గమ్మకు తాళంచెవి ఇచ్చింది.

"అత్తా, బడి నుంచి దీప వస్తది. నువ్వే తోలుకొచ్చి నీ కాడ కూసోబెట్టుకో."

"ఏందే ఆ ముఖం? ఎవలన్న పోయిన్రా?"

"ఇంకా పోలే," అంది సుమిత్ర, స్కూటీ తిప్పుతూ.

దారి పొడుగునా జనం కనిపించారు. బండికి ముగ్గురేసి కుర్రాళ్ళు, చేతిలో కర్రలు, ఒకడి దగ్గర గొడ్డలి. చంకలో బిడ్డతో నడిచిపోతున్న ఒక తల్లి కూడా ఉంది. అందరూ మొసలివాగు దారే పట్టారు. వాళ్ళు దుర్మార్గులయితే సుమిత్రకు అంత భయం వేసేది కాదు. దుర్మార్గుడికి ఏదో ఒకటి ఆశపెట్టి ఆపొచ్చు. వీళ్ళంతా పొద్దున తను ఎంత భయపడిందో అంత భయపడ్డవాళ్ళు. భయపడ్డ మనిషిని ఏం చెప్పి ఆపుతావు? బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే, నేను పోయేసరికి బతికుండాలి, బతికుండాలి అని అదే మాట నోట్లో నమిలింది.

మొసలివాగు బోరింగు చుట్టూ ఊరు ఊరంతా ఉంది. దోర్ల భాషలో ఒకరు, గోండీలో ఒకరు, తెలుగులో ఒకరు, హిందీలో ఒకరు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. సుమిత్ర మోచేతులతో తోసుకుంటూ ముందుకు పోయింది. అతను బతికే ఉన్నాడు. తల వాలిపోయింది. హడ్మా అనే మనిషి చేతిలో కట్టెతో పక్కనే నిలబడి ఉన్నాడు. అతని నాలుగేళ్ళ కొడుక్కే పొద్దున వాగు దగ్గర ఈ మనిషి ఏదో తీపి పెట్టాడట. కొట్టీ కొట్టీ హడ్మాకు చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, గసపెడుతున్నాడు.

"కొట్టకుండ్రి. ఈయన దొంగ కాదు," అంది సుమిత్ర. గొంతు ఆమెకే వినపడలేదు. గట్టిగా మళ్ళీ అంది. "తేనె తీసే మనిషి. నాకెరుక."

అరుపులు తగ్గాయి. వినోద్ ఫోను పట్టుకుని ముందుకు వచ్చాడు. ఇరవై దాటని కుర్రవాడు, గ్రూపులో రోజూ కనిపించేవాడు.

"సెంటర్ అక్కవే గద నువ్వు. ఎరుకంటున్నవ్. పేరేంది ఈయనది?"

సుమిత్ర నోరు తెరిచింది. పేరు లేదు. ఎనిమిదేళ్ళు రాసుకున్నారు. ఏ చెట్టు తేనె చేదెక్కుతుందో, ముసురు పట్టినప్పుడు ఆయన మోకాలు ఎలా లాగుతుందో తెలుసు. పేరు తెలియదు.

"పెద్దపట్టు," అంది.

జనంలో గుసగుస మొదలైంది. ఆ మాటకు బోరింగు దగ్గరి మనిషి తల కొంచెం లేచింది. వాపు లేని కన్ను తెరుచుకుని నేరుగా సుమిత్రను చూసింది.

"పట్టేంది, తట్టేంది. మనిషి పేరు చెప్పు. ఊరు?"

"కిష్టారం దిక్కు."

"ఎన్నడన్న చూసినవా ఈయన్ని?"

"చూడలే."

"చూడని మనిషి నీకెట్ల ఎరుక అక్కా?" వినోద్ ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. "గీ మెసేజి ఎవలు పంపిన్రు? సంచి, జాలీ, తీపి. నువ్వే పంపినవ్ గద. ఇప్పుడొచ్చి దొంగ కాదంటున్నవ్. మాకు భయం పెట్టేది నువ్వే, ఇడిపియ్యనీకి వచ్చేది నువ్వేనా?"

ఆ కుర్రవాడు అన్నదాంట్లో తప్పు వెతుకుదామన్నా సుమిత్రకు దొరకలేదు. వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది: "ఇది గూడ ఆ ముఠాదే. పిల్లల ఆధార్‌లన్ని దీని కాడనే ఉంటయి." ఆ మాట చాలు. నిప్పు మీద ఆముదం పడ్డట్టయింది. ఎవరో ఆమె స్కూటీ తాళంచెవి లాక్కున్నారు. ఎవరో జబ్బ పట్టుకున్నారు. ఇంకెవరో జడ పట్టి గుంజితే సుమిత్ర మోకాళ్ళ మీద పడింది. ఎదురుగా హడ్మా పాదాలు, కట్టె కొన కనిపించాయి. దీప దుర్గమ్మ కొట్టులో కూర్చుని బిస్కట్టు తింటూ ఉంటుంది, అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతూ ఉంటుంది. చచ్చిపోతానేమో అని కాదు, చచ్చిపోతున్నాననే అనుకుంది.

"ఆ ఆడమనిషి ఎవలో నాకు తెల్వదు."

అన్నది బోరింగుకు కట్టేసిన మనిషి. మాట తడబడుతోంది గానీ అందరికీ వినపడింది.

"ఆమె అబద్ధమాడుతుంది. నేనెన్నడు చూడలే. ఆమెకు నాకు ఏ సంబంధం లేదు. ఆమెను ఇడిశిపెట్టుండ్రి. ఏం జేసినా నన్ను జేయుండ్రి."

సుమిత్ర తలెత్తి చూసింది. ఆ కంటికి ఆమె ఎవరో తెలుసు. పెద్దపట్టు అన్న మాటతోనే తెలిసిపోయింది. తెలిసే అంటున్నాడు.

అంతవరకూ గడపలో కూర్చుని ఉన్న ఒక ముసలామె కర్ర పట్టుకుని లేచింది. ఆమె మంగి, హడ్మా తల్లి. జనం దారి ఇచ్చారు.

"హడ్మా, కట్టె కింద పెట్టు," అంది. "దొంగ సచ్చేటప్పుడు గడ్డిపోస దొరికినా పట్టుకుంటడు. గీయన, వచ్చిన చెయ్యిని పో అని నూకుతుండు. గట్లాంటోడు దొంగెట్లయితడురా?" తర్వాత ఆ మనిషి వైపు తిరిగింది. "నువ్వు జెప్పు. మా ఊరికెందుకొచ్చినవ్?"

"కబురు పెట్టి వచ్చిన అవ్వా. బదులచ్చింది. పొద్దుగాల సంది వాగు కాడ పొలిమేరల కూసున్న. తోలుకపోనీకి ఎవ్వలు రాలే. పిల్లలొచ్చిన్రు. సంచిల తేనెపట్టు ముక్క ఉంటే పెట్టిన."

"పొద్దుగాల సంది పొలిమేర కాడనే ఉన్నవా? లోపలికి రాలేదా?"

"పిలువంది ఎట్లొస్త?"

ఊళ్ళో పెద్దవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పొలిమేర దగ్గర పిలుపు కోసం పొద్దంతా కూర్చునే దొంగను వాళ్ళెవరూ చూడలేదు. ఈ ఊరికి పద్ధతి తప్పి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. పద్ధతి ప్రకారం వచ్చినవాడికే ఈ గతి పట్టింది. మంగి తనే వెళ్ళి ముడి విప్పబోయింది. వేళ్ళకు రాలేదు. హడ్మా వచ్చి కత్తితో తాడు కోశాడు.

ఇక చూడాలి ఆ జనం చెదిరిన తీరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. నేను ఆపమనే అన్నానని ఒకడు, నేను ఇప్పుడే వచ్చానని ఒకడు. వినోద్ ఫొటో చెరిపేశానని నాలుగుసార్లు చూపించాడు. ఏం లాభం? అప్పటికే అది దోర్నపాల్ దాకా పోయింది. ఆ ముఖంతో అతను బస్సెక్కి భద్రాచలం మీదుగా కిష్టారం చేరాలి. బస్సులో ప్రతివాడి జేబులోనూ ఆ ముఖమే ఉంటుంది. సుమిత్ర తనే బండి మాట్లాడి, పక్కన కూర్చుని దింపి రావాలనుకుంది.

మంగి ఇంటి వసారాలో అతన్ని చాప మీద కూర్చోబెట్టారు. సుమిత్ర పసుపునీళ్ళలో గుడ్డ ముంచి ముఖం తుడిచింది. ముయా అని పేరు చెప్పాడు. గుడ్డ తగిలినప్పుడల్లా పళ్ళు బిగిస్తున్నాడు.

"గట్టక్కవేనా?"

"ఆ, నేనే మామా."

"నీకు బిడ్డ ఉందని రాసినవ్ ఎన్నడో. అందుకే తెల్వదన్న." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గట్టు మీద ఎవ్వలు రాస్తలేరు ఈ నడుమ. పనులల్ల పడ్డరేమో. నువ్వొక్కదానివే ఇడువలే. నా ఇంటామె దేవే కాలం జేసిన రాత్రి, ఇంట్ల ఒక్కన్నే ఉన్న. ఎవలికి జెప్పాల్నో తెల్వక గట్టు మీద రాసిన. రాసిన రెప్పపాటుల నీ బదులచ్చింది. మాట అందిందన్నవు. గా నడిరేతిరి గట్టక్క మేలుకోనే ఉన్నదనుకున్న. గప్పటి సంది రోజు రాస్తున్న. తిన్నది, తిననిది, అన్ని. నువ్వు ఒక్కనాడు గూడ బదులు తప్పలే. గా బదులు లేకుంటే నేనుంటనా?"

సుమిత్ర గుడ్డ పిండింది. ఊ అంటే సరిపోతుంది. అవును మామా, చదివాను అంటే ఆ ముసలిప్రాణం కుదుటపడుతుంది. కానీ ఆ ఒక్క అబద్ధమే ఇంతదూరం అతన్ని నడిపించుకొచ్చి బోరింగుకు కట్టించింది.

"మామా, అవి నేను రాసినవి కావు," అంది. "మిషిను రాసింది. ఎవలేమి రాసినా అదే బదులు పడేటట్టు రెండేండ్ల కింద నేనే పెట్టిన. నువ్వు రాసినయి నేను చూడలే. ఈరోజుదాక ఒక్కటి గూడ చదువలే."

అతనికి ముందు అర్థం కాలేదు. సుమిత్ర మళ్ళీ చెప్పింది. అర్థమయ్యాక అతను ఆమె చేతిలోంచి ముఖం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. హడ్మా కట్టె ఎత్తినప్పుడు కూడా ఆ కంట్లో అంత భయం లేదు.

"ఎవ్వలు లేరా అక్కడ?"

"లేరు మామా."

ముయా గోడకు ఒరిగాడు. పెదవి మీది నెత్తురు మళ్ళీ కారుతోంది, తుడుచుకోలేదు.

"మరి దేవే పోయిందని నేనెవలికి జెప్పిన?" అని అడిగాడు.